ఇల్లు ఉంది, దస్తావేజు లేదు: సర్కారు లెక్కలో కుటుంబ ఆస్తి ఎంత?

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల పాతబస్తీ మెట్రో దారిలో దాదాపు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని అధికారులు లెక్క తేల్చారు. పోయే స్థలానికి గజానికి 81 వేల రూపాయల చొప్పున పరిహారం ఖరారు చేశారు. 60 గజాల ఇల్లు మొత్తం పోతే స్థలానికే 48 లక్షల 60 వేలు. దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్ వైపు చిన్న దుకాణం నడుపుకునే కుటుంబం అంత సొమ్ము ఒక్కసారి చూడటమంటే మాటలు కాదు.

అయితే ఆ చెక్కు చేతికి రావాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ ఇల్లు ఎవరిది? మూడు తరాలుగా ఉంటున్నాం, కరెంటు బిల్లు మా పేరు మీదే ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం అంటే సరిపోదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం హక్కు మీద తగాదా ఉంటే కలెక్టర్ ఆ సొమ్మును యజమానికి ఇవ్వడు, సంబంధిత అథారిటీలో జమ చేస్తాడు. తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, నోటరీ మీద కొన్నవాళ్లు అంతా అక్కడ తేల్చుకోవాలి. ఇల్లు కూలడం ఒక రోజు పని, తగాదా తేలడం ఏళ్ల పని.

ఒక కుటుంబం దగ్గర ఎంత ఆస్తి ఉంది అన్నది సంపాదన ఒక్కదాంతో తేలదు. ఏ కాగితాన్ని ఒప్పుకోవాలి, రిజిస్ట్రేషన్‌కు ఎంత రుసుము పెట్టాలి, బంగారం మీద ఎంత అప్పు ఇవ్వనివ్వాలి, ఎంత ఆస్తి దాటితే పథకం ఆపాలి అని ప్రభుత్వం తీసుకునే నిర్ణయాలు కూడా దాన్ని తేలుస్తాయి. ఇవి పేపర్లో చిన్న వార్తలుగా వచ్చి పోతాయి. ఇంట్లో మాత్రం ఇరవై ఏళ్ల దాకా వాటి ప్రభావం ఉంటుంది.

నోటరీ కాగితం ఏం చెప్తుంది, ఏం చెప్పదు

హైదరాబాద్ పాత బస్తీల్లో చేతులు మారిన ఇళ్లలో చాలావాటికి ఉన్నది నోటరీ కాగితమే. స్టాంపు పేపర్ మీద రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయిస్తే ఇల్లు తమదైపోయిందని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి నోటరీ చేసే పని, ఫలానా మనిషి తన ముందు సంతకం పెట్టాడని ధ్రువీకరించడం. అమ్మినవాడికి ఆ ఇల్లు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది ఆయన చూడడు, చూడాల్సిన అవసరమూ లేదు.

చట్టం మాట చాలా పాతది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించి విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. ఆ వంద రూపాయల హద్దు ఇప్పటికీ మారలేదు. కాబట్టి నేడు ఏ ఇల్లయినా రిజిస్టరు కావాల్సిందే. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి రాయించుకుంటే సరిపోతుందనే అలవాటుకు సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో గట్టిగా అడ్డుకట్ట వేసింది. అలాంటి కాగితాలతో యాజమాన్యం బదిలీ కాదని తేల్చింది.

మరి జనం రిజిస్ట్రేషన్ ఎందుకు చేయించుకోరు? అజ్ఞానం అని తేలిగ్గా అనేస్తారు. లెక్క వేస్తే అసలు సంగతి కొంత తెలుస్తుంది. తెలంగాణలో 2021 జులై దాకా అమ్మకం దస్తావేజుకు మొత్తం ఖర్చు 6 శాతం ఉండేది. ఆ నెలలో దాన్ని 7.5 శాతం చేశారు. స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5. అదే సమయంలో మార్కెట్ విలువలు కూడా పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం 7.5 శాతమే. అంటే 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. బ్యాంకు లోను తీసుకునేవాడు కూడా ఈ సొమ్ము జేబులోంచి పెట్టుకోవాలి. వడ్డీకి దూరంగా ఉండాలని లోను వద్దనుకున్న కుటుంబం మొత్తం ధర నగదు రూపంలో సర్దాలి, ఆపైన ఇది. అక్క దగ్గర, బావ దగ్గర, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి దగ్గర చేబదులు తెచ్చి ఇల్లు కొన్నవాడికి ఆఖర్న మిగిలే ప్రశ్న: ఈ రెండు లక్షలు ఇప్పుడే కట్టాలా? నోటరీ దగ్గర ఆ పని కొద్ది ఖర్చుతో అయిపోతుంది. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం అనుకుంటాడు. ఆ తర్వాత అమ్మినవాడు చనిపోతాడు, లేదా ఊరు మారతాడు, లేదా ధర పెరిగాక మాట మారుస్తాడు.

ఢిల్లీలో ఇల్లు భార్య పేరు మీద, కూతురి పేరు మీద కొంటే స్టాంపు డ్యూటీ 6 శాతానికి బదులు 4 శాతమే. మహారాష్ట్రలో మహిళలకు ఒక శాతం తగ్గింపు ఉంది. తెలంగాణలో అలాంటిది ఉండి ఉంటే ఎన్ని ఇళ్లు రిజిస్టరయ్యేవో, అందులో ఎన్ని ఆడవాళ్ల పేరు మీద ఉండేవో.

డబ్బు ఒక్కటే అడ్డం కాదు, స్థలం తీరు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ భూములను నిషేధిత జాబితాలో పెడతారు. వాటికి సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు చేయడు. సర్వే నంబరులో ఒక మూల ప్రభుత్వ భూమి ఉంటే మొత్తం నంబరు జాబితాలోకి వెళ్లిన ఉదాహరణలూ ఉన్నాయి. ఇక అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు 2020 ఆగస్టులో ఆపేసి, ఎల్ఆర్ఎస్ తెచ్చారు. దానికి దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్క రాష్ట్రంలో అన్ని లక్షల ప్లాట్లు చట్టం దృష్టిలో సగం ఆస్తి, సగం కాదు అన్నట్టు ఉండిపోయాయి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కొంత కదిలించారు.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. 2014 డిసెంబర్‌లో వచ్చిన జీవో 58 ప్రకారం ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకుని ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా పట్టా ఇచ్చారు. అంతకు మించితే జీవో 59 కింద సొమ్ము కట్టాలి. నోటరీ కాగితాల మీద ఉన్న ఇళ్ల కోసం 2023 జులైలో జీవో 84 తెచ్చారు. అందులోనూ 125 గజాల లోపు వాటికి స్టాంపు డ్యూటీ ఉండదన్నారు. పాతబస్తీలో ఆ వార్తకు చాలా సంతోషించారు. తర్వాత దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఇలాంటి జీవోలు గడువుతో వస్తాయి, గడువుతో పోతాయి. వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టినవాడి చేతిలో కనీసం రసీదు ఉంటుంది. ఎవరో చెప్తే చూద్దాంలే అన్నవాడి చేతిలో అదీ ఉండదు.

కొనే ముందు చేయాల్సిన పని ఖర్చులేనిది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ చూడొచ్చు, నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో వెతకొచ్చు. వక్ఫ్ స్థలమైతే బేరం అక్కడితో ఆపేయాలి. వక్ఫ్ ఆస్తి అమ్మకానికి ఉండదు, ఎంత తక్కువకు వచ్చినా ఆ కాగితానికి విలువ లేదు.

తాతగారి పేరు మీదే ఇల్లు

నోటరీ సమస్య లేని ఇళ్లకు ఇంకో సమస్య ఉంది. దస్తావేజు భేషుగ్గా ఉంటుంది, కానీ అది 1960ల నాటిది, దాని మీద పేరు దాదా జాన్‌ది. ఆయన పోయారు, కొడుకులు పోయారు, మనవళ్లు తలా ఒక గది చూసుకుని ఉంటున్నారు. పంపకం కాలేదు, మ్యుటేషన్ కాలేదు. ఈ ఇంటి మీద ఎవరికీ బ్యాంకు అప్పు ఇవ్వదు, ఎవరూ తమ భాగం సరైన ధరకు అమ్ముకోలేరు. మెట్రో పరిహారం లాంటిది వస్తే వారసులందరి సంతకాలు కావాలి. నిజామాబాద్‌లో ఉన్న ఫుప్పూ సంతకం, జెద్దాలో ఉన్న ఆమె కొడుకు సంతకం కూడా.

అప్పుడు కుటుంబాలకు గుర్తొస్తుంది, ఆడపిల్లలకూ భాగం ఉందని. షరియత్ ప్రకారం కొడుకుకు రెండు వాటాలైతే కూతురికి ఒకటి. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. వీలునామా రాసినా మూడో వంతుకు మించి వేరేవాళ్లకు ఇవ్వడానికి లేదు. నికాహ్‌నామాలో రాసి బాకీ ఉన్న మెహర్ భర్త మీద అప్పు కింద లెక్క, పంపకానికి ముందే తీర్చాలి. ఇవన్నీ ఇంట్లో పెద్దలకు తెలియని సంగతులేం కావు. తెలిసే, పెళ్లికి బోలెడు ఖర్చు పెట్టాం కదా అని చెల్లెలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం రిజిస్టరయితే ఇక వెనక్కి రాదు. ఇందులో రాజ్యం తప్పేం లేదు. చట్టం ఆమెకు వాటా ఉందనే అంటుంది, ఇల్లే వద్దంటుంది.

బతికుండగానే సర్దుబాటు చేయాలనుకునేవాళ్లకు హిబా ఉంది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నవాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే హిబా పూర్తయినట్టే. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లింల దానాలను తన నిబంధనల నుంచి మినహాయించింది. 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు, హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన దాన్ని రిజిస్టరు చేయాల్సిన పని లేదని కూడా చెప్పింది. చట్టం వరకు బాగానే ఉంది. కానీ మున్సిపాలిటీ కౌంటర్‌లో, బ్యాంకు మేనేజర్ ముందు నోటి మాట హిబా చెప్తే పని జరగదు. అన్న చనిపోయాక వదిన, పిల్లలు అసలు హిబా జరగనేలేదంటే మూడు షరతులూ జరిగాయని కోర్టులో సాక్షులతో రుజువు చేసుకోవాలి. దగ్గరి కుటుంబ సభ్యులకు రాసే గిఫ్టు దస్తావేజుకు రుసుము అమ్మకం దస్తావేజు కన్నా తక్కువ ఉంటుంది. అంత ఖర్చు పెట్టగలిగితే రిజిస్టరు చేయించుకోవడమే మేలు.

బ్యాంకులో సొమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నామినీగా పేరున్నవాడే ఆ సొమ్ముకు హక్కుదారు అనుకోవడం పెద్ద పొరపాటు. బ్యాంకు ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పడానికే నామినీ. వచ్చిన సొమ్ము వారసులకు వాటాల ప్రకారం చేరాలి. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. పెద్ద కొడుకు ఒక్కడి పేరే పెట్టే అలవాటు మార్చుకోవడానికి ఇది మంచి అవకాశం.

బంగారం: బీరువాలో ఉన్న బ్యాంకు

దస్తావేజు అక్కర్లేని ఆస్తి బంగారం. ఆడవాళ్ల చేతిలో నిజంగా ఉండే ఆస్తి కూడా అదే. అందుకే ఇళ్లల్లో దానిమీద అంత నమ్మకం. ఆపద వస్తే ఒక్క పూటలో డబ్బవుతుంది. ఇంత వేగంగా పనిచేసే సర్కారు పథకం ఏదీ లేదు మరి.

ఇక్కడ కూడా నిబంధనలు మారుతున్నాయి. బంగారం మీద అప్పుల గురించి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చింది. అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. రెండున్నర లక్షల దాకా అప్పయితే నగ విలువలో 85 శాతం వరకు, ఐదు లక్షల దాకా అయితే 80 శాతం వరకు, అంతకు మించితే 75 శాతం వరకు ఇవ్వొచ్చు. బిల్లు లేని పాత నగలకు, అవి తమవేనని రాసిస్తే సరిపోతుంది. అప్పు తీరాక నగలు ఏడు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. ఆలస్యం తమ వల్లే జరిగితే రోజుకు 5 వేల రూపాయల చొప్పున అప్పిచ్చినవాళ్లే కట్టాలి. చిన్న అప్పులు తీసుకునే కుటుంబాలకు ఇవి మంచి మార్పులే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. 85 శాతం తీసుకుంటే వడ్డీ కలిసేసరికి నగ విలువ దగ్గరపడుతుంది, ధర కాస్త పడినా వేలం నోటీసు వస్తుంది. ఎక్కువ ఇస్తున్నారు కదా అని ఎక్కువ తీసుకుంటే నగ పోయే ప్రమాదమూ ఎక్కువే. ఇక ఈ నిబంధనలు బ్యాంకులకు, రిజిస్టరయిన ఫైనాన్స్ కంపెనీలకే. గల్లీ చివర సేటు దగ్గర తాకట్టు పెడితే ఇవేవీ వర్తించవు.

ఇంట్లో నగలుంటే ఐటీవాళ్లు వస్తారనే భయం కొందరికి ఉంటుంది. ఒకవేళ సోదా జరిగినా పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లి కాని అమ్మాయికి 250 గ్రాములు, మగవాళ్లకు 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 నుంచే ఆదేశాలున్నాయి.

బంగారం గురించి మాట్లాడుతూ షాదీ ముబారక్‌ను వదిలేయలేం. 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైన పథకం అది. 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాలన్న షరతు పెట్టడం, చెక్కు తల్లి పేరు మీద ఇవ్వడం, ఈ రెండూ మెచ్చుకోవాల్సినవి. అయితే 2018లో ఆ లక్షకు మూడు తులాలకు పైగా మేలిమి బంగారం వచ్చేది. 2025లో తులం ధరే లక్ష దాటింది. చెక్కు మీద అంకె మారలేదు, దాని సత్తువ మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. పైగా ఆ సొమ్ము వచ్చేది పెళ్లి సమయానికో, చాలాసార్లు ఆ తర్వాతో. అప్పటికే చేసిన అప్పు తీర్చడానికే పోతుంది. అదే సొమ్ములో సగం అమ్మాయి పేరు మీద చదువుకో, మిషన్లు కొని సొంతంగా టైలరింగ్ పెట్టుకోవడానికో ఇచ్చి ఉంటే, అని అడగడం తప్పేమీ కాదు.

వడ్డీ వద్దనుకుంటే డబ్బు ఎక్కడ దాచాలి?

ఈ ప్రశ్నకు దేశంలో బ్యాంకింగ్ విధానం ఇప్పటిదాకా సరైన జవాబు ఇవ్వలేదు. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని సూచించింది. 2016లో రిజర్వు బ్యాంకు లోపలి బృందం మామూలు బ్యాంకుల్లోనే దీనికో విండో తెరవొచ్చని ప్రతిపాదించింది. 2017లో, ఇక దీన్ని ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నకు జవాబిచ్చింది. అందరికీ బ్యాంకు సేవలు పొందే అవకాశాలు సమానంగానే ఉన్నాయన్నది అది చెప్పిన కారణం. వడ్డీ తీసుకోని కుటుంబానికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గానీ, ఆడపిల్లల కోసం పెట్టిన సుకన్య సమృద్ధిగానీ అవకాశం కింద లెక్కకు రాదు. సంఖ్యలో సమానం, వాడకంలో కాదు.

ఖాళీ ఉన్నచోట ఎవరో ఒకరు వస్తారు. బెంగళూరులో ఐఎంఏ కంపెనీ హలాల్ లాభాల పేరు చెప్పి వేల మంది దగ్గర డిపాజిట్లు తీసుకుని 2019 జూన్‌లో చేతులెత్తేసింది. అందులో పెట్టినవాళ్లలో రిటైరైనవాళ్లు, వితంతువులు, కూతురి పెళ్లికి దాచుకున్నవాళ్లు ఎక్కువ. నెలనెలా ఇంత లాభం ఖాయం అన్నప్పుడే అనుమానించాల్సింది. వ్యాపారంలో ఖాయమైన లాభం అంటూ ఉండదు, ఉంటే అది వడ్డీకి మరో పేరు. అదే ఏడాది కేంద్రం అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం తెచ్చింది. డిపాజిట్ తీసుకునే ఎవరినైనా ఏ నియంత్రణ సంస్థ కింద రిజిస్టరయ్యారో అడిగే హక్కు ప్రజలకు ఉంది.

బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఐదు లక్షల దాకా వస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. హైదరాబాద్‌లో 2000ల మొదట్లో చార్మినార్ కోఆపరేటివ్ బ్యాంకు దెబ్బతిన్నప్పుడు డిపాజిటర్లకు ఆ లక్ష హద్దు ఎంత చేదుగా తగిలిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఈ బీమా వడ్డీ లేని కరెంట్ ఖాతాకు కూడా వర్తిస్తుంది. కాబట్టి లాభం సంగతి ఎలా ఉన్నా, దాచడానికి మాత్రం బీరువా కన్నా, తెలిసినవాళ్ల చేతి కన్నా బ్యాంకే భద్రం.

చిట్టీకి ఆ బీమా లేదు. కానీ రిజిస్టరు చిట్టీకి వేరే రక్షణ ఉంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నడిపేవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి, చిట్టీ మొత్తానికి సమానమైన పూచీ చూపాలి. కమిషన్ 7 శాతానికి మించకూడదు. పక్కింటి ఆపా నడిపే చిట్టీలో నమ్మకమే పూచీ. పాతికేళ్లు సజావుగా నడిచినవీ ఉన్నాయి, ఒక్క రాత్రిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవీ ఉన్నాయి. రెండో రకం జరిగితే పోలీసు స్టేషన్‌లో చూపడానికి ఒక నోట్‌బుక్ పేజీ తప్ప ఏమీ ఉండదు. కొంత రిస్కు తట్టుకోగలిగినవాళ్లకు షరియత్‌కు సరిపోని కంపెనీలను పక్కనపెట్టి మదుపు చేసే ఎథికల్ మ్యూచువల్ ఫండ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో లాభం ఉన్నట్టే నష్టమూ ఉంటుంది, అవసరానికి దాచిన సొమ్ము పెట్టే చోటు కాదు.

గది పెంచితే కార్డు పోతుందా?

పేదరికం నుంచి బయటపడటానికి పథకాలు పెడతారు. ఆ పథకాలకు ఆస్తి హద్దులు పెడతారు. ఈ రెండూ ఒక్కోసారి ఢీకొంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరు అంచెల పరిశీలన వచ్చాక ఇది బాగా తెలిసొచ్చింది. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, నాలుగు చక్రాల బండి, ఇంట్లో ఒకరు ఆదాయపు పన్ను కట్టడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పింఛనుకో, కార్డుకో గండం. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఇచ్చారు కాబట్టి కొంత నయం. కర్నూలులోనో గుంటూరులోనో గల్ఫ్ డబ్బుతో పైన మరో అంతస్తు వేసి కింద తల్లిని పెట్టుకున్న కుటుంబం సంగతి ఆలోచించండి. ఇల్లు పెరిగింది, మీటర్ ఒక్కటే కాబట్టి యూనిట్లు పెరిగాయి. ముసలామె చేతికొచ్చే పింఛను ప్రమాదంలో పడింది. వేరే కాపురం వేరే మీటర్ పెట్టుకుంటే ఆ లెక్కే మారిపోతుంది. ఇలాంటి హద్దుల వల్ల జనం ఆస్తి కూడబెట్టడం మానరు, దాన్ని కాగితం మీదికి రానివ్వడం మానేస్తారు. నోటరీ ఇళ్లు పెరగడానికి ఇదీ ఒక కారణం.

కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే అయితే ఎవరూ ఇంత భయపడరు. అసలు భయం ఆసుపత్రి గురించి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పదేళ్లు కష్టపడి కట్టిన ఇల్లు ఒక్క గుండె ఆపరేషన్‌తో అమ్ముడుపోకుండా ఆపేది ఇదే. తెలంగాణలో చాలా ఏళ్లు కొత్త రేషన్ కార్డులు ఇవ్వకపోవడంతో పెళ్లయి వేరుపడ్డ జంటలు, కొత్తగా పుట్టిన పిల్లలు లెక్కలోకి రాలేదు. 2025లో మళ్లీ ఇవ్వడం మొదలైంది. పాత కార్డులో పిల్లల పేర్లు చేర్పించనివాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర అడిగేది రోగి పేరు కార్డులో ఉందా లేదా అనే.

గల్ఫ్ వెళ్లేవాళ్ల ఇళ్లకు ఇంకో రెండు సంగతులు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు వస్తాయి. ఏజెంటు వీసాతో పాటు అది చేయించేస్తాడు, పాలసీ కాగితం ఇంట్లో ఎవరూ చూడరు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మొదటిదానికి గడువు ఉంది. రెండేళ్ల పాలసీ తీసుకుని ఐదేళ్లు అక్కడే ఉండిపోయినవాడికి మిగిలిన మూడేళ్లు బీమా లేనట్టే. మళ్లీ కట్టాల్సింది 275 రూపాయలు.